శ్రీలంకకు ఎప్పుడు వెళ్ళాలి: సంక్రాంతికా, వేసవి సెలవులకా, దసరాకా?

"అన్నయ్యా, మే నెలలో శ్రీలంకలో వానలట కదా. టికెట్లు తీసుకోమంటావా, వద్దంటావా?"

మా చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. ఏటా మార్చి వచ్చేసరికి బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. పిల్లల పరీక్షలు అయిపోతుంటాయి. హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం సుమారు రెండు గంటలు. వెళ్ళాలని ఉంటుంది, వానల భయమూ ఉంటుంది. టూర్లు వేసేవాళ్ళని అడిగితే ఏ నెలైనా ఒకటే ప్యాకేజీ చేతిలో పెడతారు: క్యాండీ, నువారా ఎలియా, బెంటోటా, కొలంబో. జనవరిలోనూ అదే, జూన్‌లోనూ అదే.

చిక్కంతా అక్కడే ఉంది. శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. ఆ కాస్త నేల మీదే ఒక ఒడ్డున కుండపోత కురుస్తున్నప్పుడు ఇంకో ఒడ్డున ఇసుక కాళ్ళు కాలుస్తుంటుంది. అందుకే "ఏ నెల మంచిది" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు దొరకదు. మీకు సెలవులు ఎప్పుడో చెప్పండి, ఏ ఒడ్డుకు వెళ్ళాలో చెప్పొచ్చు. దానికి ముందు ఆ దేశానికి వచ్చేపోయేవాళ్ళ లెక్కలు ఒకసారి చూద్దాం. రద్దీ ఎప్పుడో, గదులు తేలిగ్గా దొరికేది ఎప్పుడో అవే చెబుతాయి.

నెలలవారీ లెక్క

శ్రీలంక పర్యాటక అభివృద్ధి సంస్థ ప్రతి నెలా విదేశీ టూరిస్టుల సంఖ్య ప్రకటిస్తుంది. నేను 2024 లెక్క తీసుకుంటున్నాను. పెద్ద విపత్తు ఏదీ రాని ఏడాది అది, కాబట్టి మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ ఏడాది మొత్తం 20,53,465 మంది వచ్చారు. అందులో జనవరిలో 2,08,253, ఫిబ్రవరిలో 2,18,350, మార్చిలో 2,09,181. ఏప్రిల్‌లో 1,48,867కి పడింది. మే 1,12,128, జూన్ 1,13,470. జూలైలో మళ్ళీ లేచి 1,87,810, ఆగస్టులో 1,64,609. సెప్టెంబరు 1,22,140, అక్టోబరు 1,35,907. నవంబరు 1,84,158, డిసెంబరు 2,48,592.

అంటే ఏడాదిలో రెండు పోట్లు, రెండు ఆట్లు. డిసెంబరు నుంచి మార్చి దాకా పెద్ద పోటు, జూలై, ఆగస్టుల్లో చిన్న పోటు. మే, జూన్ బాగా ఖాళీ, సెప్టెంబరు, అక్టోబరు కొంచెం ఖాళీ. రోజుకు ఎంతమంది అని భాగించి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. డిసెంబరులో రోజుకు సుమారు 8,000 మంది దిగారు, మే నెలలో 3,600. ఫిబ్రవరి చిన్న నెల కదా అని తేలిగ్గా తీసుకుంటాం గానీ, రోజుకు 7,500 చొప్పున జనవరినీ మార్చినీ మించిపోయింది. క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే కొండ రైలు టికెట్లు అన్నిటికంటే కష్టంగా దొరికే రోజుల్లో ఫిబ్రవరి కూడా ఉందని గుర్తుంచుకోండి.

ఇది ఆ ఒక్క ఏడాది ముచ్చట కాదు. 2018లో 23,33,796 మంది వచ్చారు, అప్పటికి అదే రికార్డు. ఆ ఏడాది కూడా అందరికంటే తక్కువ మే నెలలోనే (1,29,466), అందరికంటే ఎక్కువ డిసెంబరులోనే (2,53,169). మధ్యలో ఆ దేశం ఎంత దెబ్బతిన్నదో మనకు తెలుసు. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు బాంబులు పేలాయి. ఆ మే నెలలో వచ్చింది 37,802 మంది మాత్రమే. తర్వాత కరోనా. 2021లో ఏడాది మొత్తానికీ 1,94,495 మందే వచ్చారు, ఒక మంచి డిసెంబరు నెలలో వచ్చేవాళ్ళ కంటే తక్కువ. ఆ వెంటనే 2022లో పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు కట్టిన ఆర్థిక సంక్షోభం. ఇన్ని జరిగాక కూడా జనం రావడం మొదలుపెట్టేసరికి పాత తీరే తిరిగి వచ్చింది. కాబట్టి పథకం వేసుకోవడానికి దీన్ని నమ్మొచ్చు.

వార్షిక లెక్కలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 2023లో టూరిస్టులు ఒక్కసారిగా రెట్టింపు దాటారని వార్తలు వచ్చాయి. నిజమే, 7,19,978 నుంచి 14,87,303 అయ్యారు. కానీ కింది సంఖ్య సంక్షోభం నాటిది. అది చూసి "విపరీతమైన రద్దీ" అనుకుంటే పొరపాటు. 2024 కూడా 2018 కంటే 12 శాతం తక్కువే. ఆదాయం లోటు ఇంకా ఎక్కువ: 2018లో సుమారు 438 కోట్ల డాలర్లు వస్తే 2024లో 317 కోట్లే. మనుషులు తిరిగి వచ్చినంతగా డబ్బు రాలేదన్నమాట. అక్కడ చిన్న హోటళ్ళ వాళ్ళతో, వ్యాన్ డ్రైవర్లతో మాట్లాడితే ఈ మాటే వేరే రకంగా వినిపిస్తుంది. వ్యాన్ మీద తీసుకున్న అప్పు, బ్యాంకు వడ్డీ, ఖాళీగా గడిచిన మూడేళ్ళు. నేను బేరం ఆడటం తగ్గించుకున్నది ఆ మాటలు విన్నాకే.

ఇంకో సంగతి. 2024లో వచ్చినవాళ్ళలో 4,16,974 మంది మనవాళ్ళే, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు భారతీయులు. అయినా ఆ రెండు పోట్లు మన సెలవుల వల్ల వచ్చినవి కావు. ఐరోపా, రష్యాల చలికాలం వల్ల పెద్ద పోటు, వాళ్ళ వేసవి సెలవుల వల్ల చిన్న పోటు. వాళ్ళు ఎండ కోసం డిసెంబరులో దిగుతారు. మన పిల్లలకు సెలవులిచ్చేది ఏప్రిల్ చివర, సరిగ్గా వాళ్ళు వెళ్ళిపోయాక. ఇది మనకు కలిసొచ్చే సంగతి. దాన్నే వానల భయంతో చాలామంది వదులుకుంటున్నారు.

రెండు వానలు

మే రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలు. పడమర, దక్షిణ తీరాల్లోని కొలంబో, బెంటోటా, గాలె, మిరిస్సా, ఇంకా నువారా ఎలియా వైపు కొండలు తడిసి ముద్దవుతాయి. ఆ మేఘాలు నడుమ ఉన్న కొండల మీద నీళ్ళన్నీ కుమ్మరించి, తూర్పుకు దిగేసరికి వట్టి గాలి అయిపోతాయి. తూర్పు తీరంలోని ట్రింకోమలీ, నిలావెలి, పాసికుడా, అరుగం బే ఆ నెలల్లో ఎండగా ఉంటాయి, సముద్రం చెరువులా ఉంటుంది. పడమటి కనుమలు దాటి వచ్చిన గాలి మన కోస్తాలో ఎలా పొడిగా వేడిగా వీస్తుందో, అదే సూత్రం.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య ఋతుపవనాలు. అప్పుడు తిరకాసు: తూర్పున వాన, పడమర, దక్షిణాల ఎండ. మధ్యలో అక్టోబరు, నవంబరు రెండు ఋతువుల సంధికాలం. మధ్యాహ్నం దాటితే దేశంలో ఎక్కడైనా ఉరుములు పడతాయి, బంగాళాఖాతంలో వాయుగుండాలు కూడా అప్పుడే పుడతాయి.

ఇంతే తెలుసుకుంటే సగం ప్యాకేజీలు ఎందుకు పనికిరావో తెలిసిపోతుంది. జూన్‌లో బెంటోటా బీచ్ రిసార్టు సగం ధరకు ఇస్తున్నారంటే, సముద్రంలో దిగొద్దని ఎర్రజెండా పాతి ఉంటుందని అర్థం. జనవరిలో నిలావెలి చవగ్గా దొరికితే కూడా అంతే.

వేసవి సెలవులు: నా ఓటు దీనికే

పిల్లలున్న తెలుగు కుటుంబానికి నేను చెప్పేది ఇదే. మే నుంచి జూన్ రెండో వారం లోపు వెళ్ళండి, తూర్పుకు వెళ్ళండి.

ఎందుకంటే మొదటిది, ఖాళీ. సిగిరియా కొండ ఎక్కే ఇనుప మెట్ల దగ్గర ఫిబ్రవరిలో అడుగుకొకరు నిలబడి ఉంటారు. మే నెలలో పొద్దున ఏడింటికి మేం ఎక్కినప్పుడు కుడ్యచిత్రాల గూటిలో మా నలుగురమే ఉన్నాం. మా అబ్బాయి ఒక్కో బొమ్మ ముందూ తీరిగ్గా నిలబడి, వేళ్ళ మధ్య పట్టుకున్న పువ్వు ఏమిటో చూడగలిగాడు. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు తండ్రిని చంపి, తమ్ముడి భయంతో ఆ కొండ నెత్తిన కోట కట్టుకున్నాడని చెబితే, పైన ఉన్న సింహం పంజాల దగ్గరికి ఎక్కాక మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. రద్దీలో అది కుదరదు, వెనకవాళ్ళు తోస్తుంటారు.

రెండోది, ట్రింకోమలీ. తమిళంలో తిరుకోణమలై. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది లంకలో ఉన్న శాంకరీదేవి అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసినవాళ్ళకు ఆ మొదటిది చూడాలని ఉంటుంది. ఆ క్షేత్రం ఇదే అని మనవాళ్ళు నమ్మి వెళ్ళేది కోణేశ్వరం. అసలు గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఫ్రెడరిక్ కోట గుమ్మంలోంచి వెళ్ళాలి. కోట లోపల చుక్కల జింకలు ఊరి పశువుల్లాగా తిరుగుతుంటాయి, చేతిలో అరటిపండు ఉంటే దగ్గరికొచ్చి వాసన చూస్తాయి. చెప్పులు విడిచి ఎక్కుతుంటే రెండు పక్కలా కొబ్బరికాయలు, తామరపూల పళ్ళేలు అమ్ముతుంటారు. కొండ చివర గోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే వందల అడుగుల లోతున సముద్రం, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉంటుంది. పూజారి తమిళంలో మాట్లాడతారు, గోత్రం అడుగుతారు, సంకల్పం చెబుతారు. మా అమ్మకు భాష తెలియకపోయినా ఇబ్బంది పడలేదు, మంత్రం తెలిసిందే కదా.

ఇదే గుడికి జనవరిలో వెళ్ళినవాళ్ళు గొడుగుల కింద చూసి వస్తారు. తేడా అంత ఉంటుంది.

దగ్గర్లోనే కన్నియా వేడినీళ్ళ బావులు. ఏడు బావులు, ఒక్కొక్కటీ నాలుగడుగుల లోతుకు మించదు. ఒక్కోదానిలో ఒక్కో వేడి. రావణుడు తల్లికి అంత్యక్రియలు చేయడానికి నీళ్ళ కోసం నేలను గుచ్చితే పుట్టాయని స్థానికుల కథ. బకెట్‌తో తోడుకుని పోసుకోవడమే. నిలావెలి బీచ్ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి పడవలో పావురాల దీవికి వెళ్తే, నీళ్ళలో ముఖం పెట్టి పగడాలు చూడొచ్చు. తిమింగలాలు కూడా ఈ నెలల్లో తూర్పున కనిపిస్తాయి. మిరిస్సా వైపు చూడాలంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆగాలి.

ప్రయాణం ఎలా అంటే, విమానాశ్రయం కొలంబోలో లేదు, దానికి ఉత్తరాన కటునాయకలో ఉంది. కాబట్టి కొలంబోలోకి దిగకుండానే పైకి వెళ్ళిపోండి. దారిలో చిలాపం దగ్గర మున్నేశ్వరం గుడి ఉంది, రావణ వధ తర్వాత రాముడు శివుణ్ణి కొలిచాడని చెప్పే చోటు. అక్కడి నుంచి దంబుల్లా లేదా హబరణలో రెండు రాత్రులు: ఒక పొద్దున సిగిరియా, ఇంకో పూట పాత రాజధాని పొలొన్నరువా. ఆ తర్వాత రెండు గంటల దూరంలో ట్రింకోమలీ, అక్కడ రెండు రాత్రులు చాలవు, మూడు ఉండండి. తిరుగు దారిలో క్యాండీలో ఒక రాత్రి. నువారా ఎలియాను ఈసారికి వదిలేయండి. మే చివర్లో అక్కడ తేయాకు తోటల కంటే మంచే ఎక్కువ కనిపిస్తుంది.

నువారా ఎలియా పక్కనే సీతా ఎలియాలో ఉన్న సీతమ్మ గుడి చూడకుండా ఎలా అని అమ్మలు, అత్తలు తప్పకుండా అడుగుతారు. వాగు ఒడ్డున రంగుల గోపురంతో ఉన్న చిన్న గుడి అది. దాని కోసం అయిదారు గంటల కొండదారి, వానలో. వాళ్ళ ఆరోగ్యం చూసుకుని నిర్ణయించుకోండి. తప్పదనుకుంటే మే మొదటి వారంలోనే వెళ్ళండి, నైరుతి అప్పటికి దిగదు.

మే పున్నమికి వెసాక్ వస్తుంది, బుద్ధుడి జయంతి. దేశమంతా కాగితపు దీపాలు కడతారు. రోడ్ల పక్కన దన్సల అని పందిళ్ళు వేసి వచ్చేపోయేవాళ్ళను ఆపి మరీ అన్నమో, పానకమో ఉచితంగా పెడతారు. శ్రీరామనవమి పందిరి చూసిన కళ్ళకు అది చాలా దగ్గరగా అనిపిస్తుంది. ఆ రెండు మూడు రోజులూ మాంసం, మద్యం అమ్మకాలు ఉండవు.

ఎండ మాట దాచను. మే నెలలో ట్రింకోమలీ వేడిగానే ఉంటుంది, పొలొన్నరువా రాళ్ళ మీద చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు మండుతాయి. పాత మేజోళ్ళు ఒక జత సంచిలో పెట్టుకోండి, గుళ్ళ దగ్గర వేసుకోనిస్తారు. విజయవాడ, రామగుండం ఎండలు చూసినవాళ్ళకు అది పెద్ద లెక్కేమీ కాదు.

సంక్రాంతి, క్రిస్మస్ సెలవులు

దక్షిణం, పడమర బీచ్‌లు, గాలె కోట, మిరిస్సా, నువారా ఎలియా చూడాలని మనసులో ఉంటే ఇదే సమయం. వాతావరణంలో పెద్దగా వంక పెట్టలేం. సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, కొండ మీద పొద్దున చలి, పగలు నీరెండ. శ్రీపాద కొండ యాత్ర కూడా డిసెంబరు పున్నమి నుంచి మే పున్నమి దాకానే. అర్ధరాత్రి బయలుదేరి, దారి పొడవునా వెలిగే దీపాల మధ్య 2,243 మీటర్ల ఎత్తున సూర్యోదయం చూడాలనుకునేవాళ్ళు ఈ నెలల్లోనే వెళ్ళాలి.

ఒక చిన్న మెలిక: ఎల్లా. అందరూ దాన్ని నువారా ఎలియాతో కలిపి ఒకే కొండ అనుకుంటారు. కానీ ఎల్లా కొండల తూర్పు వాలు మీద ఉంది, దానికి ఈశాన్య వాన తగులుతుంది. నవంబరు, డిసెంబరు, జనవరుల్లో తొమ్మిది ఆర్చీల వంతెన మీద రైలు ఫొటో కోసం వెళ్ళి మబ్బుల్ని ఫొటో తీసుకుని వచ్చినవాళ్ళు చాలామంది. ఫిబ్రవరి, మార్చి అయితే రెండు వాలులూ బాగుంటాయి. పిల్లల బడితో పని లేని దంపతులకు, రిటైరైనవాళ్ళకు నేను మార్చి మొదటి పక్షమే చెబుతాను.

రద్దీని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఒక జనవరిలో ఎల్లాలో మేం రెండు నెలల ముందే బుక్ చేసుకున్న గదిని, ఆ గెస్ట్‌హౌస్ వాళ్ళు మేం చేరేలోపు ఇంకొకరికి ఇచ్చేశారు. రాత్రి తొమ్మిదింటికి, వానలో, ఇద్దరు పిల్లలతో ఊరంతా తిరిగాం. చివరికి ఒక టీచరమ్మ తన ఇంట్లో ముందుగది ఖాళీ చేసి చాపలు పరిచింది, పొద్దున్నే ఇడియాప్పం వండి పెట్టింది. ఆమె మేలు మరవలేను. ఆ రాత్రి కూడా మరవలేను. అందుకే డిసెంబరు నుంచి మార్చి దాకా గది డబ్బు ముందే కట్టండి, బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి మళ్ళీ ఖాయం చేసుకోండి. క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే రైల్లో రిజర్వేషన్ సీట్లు అమ్మకం మొదలైన కాసేపటికే అయిపోతాయి. అవి దొరకలేదని ప్రయాణం మానుకోవద్దు. టికెట్ తీసుకుని నువారా ఎలియాకు దగ్గరి స్టేషనైన నాను ఓయా నుంచి మామూలు పెట్టెలో ఎక్కితే తోటలు అంతే అందంగా కనిపిస్తాయి.

2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఈ కొండ ప్రాంతాలను కుదిపేసింది. కొండచరియలు విరిగిపడి వందల మంది చనిపోయారు, కొండ రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతింది. కాబట్టి ఏ నెలలో వెళ్ళినా, మీరు అనుకున్న రైలు ఆ రోజుల్లో ఏ స్టేషను దాకా నడుస్తోందో చూసుకున్నాకే హోటల్ బుక్ చేయండి.

జూలై, ఆగస్టు

మన ఊళ్ళల్లో ఉండేవాళ్ళకు అప్పుడు సెలవులుండవు. కానీ అమెరికా, ఇంగ్లండుల నుంచి పిల్లలతో ఇంటికి వచ్చే తెలుగువాళ్ళకు సరిగ్గా కుదిరే కాలం ఇది. తూర్పు తీరం అప్పటికీ ఎండగానే ఉంటుంది. పైగా రెండు అదనపు ఆకర్షణలు. ఒకటి, మిన్నేరియా చెరువు ఎండుతూ వచ్చేకొద్దీ అడుగున మొలిచే పచ్చగడ్డి కోసం అడవి ఏనుగులు వందల సంఖ్యలో చేరతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో సాయంత్రం నాలుగింటికి జీపులో వెళ్తే తల్లుల కాళ్ళ మధ్య గున్నలు దూరి నడవడం చూస్తారు. రెండోది, క్యాండీలో ఎసల పెరహెర. బుద్ధుడి దంతధాతువు పేరిట పది రోజులు జరిగే ఊరేగింపు. పున్నమిని బట్టి తేదీలు జూలై, ఆగస్టుల మధ్య మారుతుంటాయి. ముందు తేదీలు చూసి, తర్వాత విమానం టికెట్ కొనండి. ఆ రోజుల్లో క్యాండీలో గది ధరలు బాగా పెరుగుతాయి.

క్యాండీ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఆ రాజ్యాన్ని చివరగా, 1739 నుంచి ఏలింది మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. దంత మందిరం ముందు కనిపించే చెరువును తవ్వించింది ఆ వంశంలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుడు. 1815లో ఆంగ్లేయులు అతణ్ణి పట్టుకుని వేలూరు కోటకు పంపించారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. చెరువు గట్టున కూర్చున్నప్పుడు పిల్లలకు ఇది చెప్పండి. అనురాధపురం వైపు వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట: ఆ జిల్లాలో కుడాగమ లాంటి ఊళ్ళల్లో అహికుంటికులనే సంచారజాతి కుటుంబాలు స్థిరపడ్డాయి. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం వాళ్ళ పాత వృత్తులు. వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునేది తెలుగే. యాస వేరు, మాటలు కొన్ని మారాయి, కానీ తెలుగే.

దసరా సెలవులు

ఉన్నవాటిలో నేను చివర పెట్టేది ఇదే. పండుగ సెప్టెంబరు చివర్లో వస్తే పరవాలేదు, తూర్పు ఇంకా పొడిగానే ఉంటుంది, జనం కూడా తక్కువ. అక్టోబరు రెండో వారం దాటితే మాత్రం మధ్యాహ్నాలన్నీ వానకు వదులుకోవాల్సిందే. యాలా అడవిలో చిరుతల కోసం అందరూ వెళ్ళే మొదటి బ్లాకును సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా సాధారణంగా మూసి ఉంచుతారు. వెళ్ళక తప్పదంటే సిగిరియా, పొలొన్నరువా, అనురాధపురం పెట్టుకోండి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు గదికి చేరేలా చూసుకుంటే వాన అడ్డం రాదు.

ఏప్రిల్ మధ్యలో వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. 13, 14 తేదీల్లో సింహళ, తమిళ సంవత్సరాది. దుకాణాలు మూస్తారు, డ్రైవర్లు ఊళ్ళకు వెళ్తారు, కొలంబో అంతా నువారా ఎలియాలో ఉంటుంది. విదేశీ టూరిస్టుల లెక్కలో ఆ నెల తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, ఆ కొండ మీద అడుగు పెట్టడానికి చోటుండదు. లెక్కలో స్థానికులు ఉండరు కదా.

ఎప్పుడు వెళ్ళినా పనికొచ్చేవి

మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైనే వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి చాలా దుకాణాల్లో మన యూపీఐతో చెల్లించొచ్చు. అయినా పల్లెల్లో, గుళ్ళ దగ్గర నోట్లే కావాలి. పురావస్తు ప్రదేశాల్లో విదేశీయుల టికెట్ చాలా ఎక్కువ, సార్క్ దేశాలవాళ్ళకు రాయితీ ఉంది. దానికి పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, హోటల్లో వదిలి వెళ్ళొద్దు. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి, ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి.

శాకాహారులు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కొబ్బరి సంబోల్ చూడటానికి మన కొబ్బరి పచ్చడిలాగే ఉంటుంది, ఎర్రగా, నిమ్మరసం పిండి. కానీ చాలాచోట్ల అందులో ఉంబలకడ అని ఎండబెట్టిన చేప పొడి వేస్తారు. పప్పులో కూడా వేసేవాళ్ళున్నారు. మా అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "ఉంబలకడ వద్దు" అని ముందే చెప్పండి, లేదా బోర్డు మీద సైవ అని రాసి ఉన్న తమిళుల హోటల్‌కి వెళ్ళండి. ట్రింకోమలీలో వాటికి కొదవ లేదు. వేసవికి తూర్పుకే వెళ్ళమనడానికి నా దగ్గర ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

చెల్లెలు చివరికి మే ఇరవై తర్వాత టికెట్లు తీసుకుంది, ఆరు రోజులకు. నాలుగో రోజు కోణేశ్వరం నుంచి ఫొటో పంపింది: అమ్మ, పిల్లలు, వెనక గోడ, దాని వెనక మబ్బు తునక లేని సముద్రం. సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. అదే సమయానికి డ్రైవరుకు ఇంటి నుంచి ఫోన్ వచ్చిందట. గాలె దగ్గర వాళ్ళ ఊళ్ళో తెల్లవారుజామున మొదలైన వాన ఇంకా తెరిపివ్వలేదట.